జాబితాలో నలభై మూడోది

పనికిరాని పుస్తకాలు ఏరి జాబితా రాయమని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చిన నాలుగో రోజు, రామలింగప్ప సారు కొడుకు బండి వెనక కూర్చుని గ్రంథాలయానికి వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఇస్త్రీ పంచె, భుజం మీద జరీ కండువా. ఆయన్ని చూసి పేపర్లు చదువుకుంటున్న ముసలివాళ్లు లేచి దండం పెట్టారు. ఆ నేత వీధుల్లో ఆయన దగ్గర అక్షరాలు దిద్దనివాళ్లు తక్కువ. లైబ్రేరియన్ హేమావతి కూడా ఆయన దగ్గరే దిద్దింది. ఆమె కూడా లేచింది. లేవాలని అనుకోలేదు, కాళ్లే లేచాయి.

కొడుకు ఉమామహేశ్వర చీరల వ్యాపారి. రెండు కట్టల పుస్తకాలు తెచ్చి బల్ల మీద దించాడు.

"ముప్పై కాపీలక్కా. మా నాయన కొత్త పుస్తకం. చేనేత దినం నాడు ఈడనే విడుదల. కర్నూలు నుంచి ఆఫీసర్లు వస్తాండారు, నాయనకు సన్మానం కూడా ఉండాది."

హేమావతి పై కాపీ తీసింది. అట్ట మీద మగ్గంలో కూర్చున్న ఆడమనిషి ఫోటో. మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది: ‘ఈ ఊరి ఆడబిడ్డలను మగ్గం గుంతలో కూర్చోబెట్టడానికి ముప్పై అయిదేళ్ల కిందటే నేను నడుం కట్టాను.’

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

"ఏందో జాబితా రాస్తాండావంట గదమ్మా హేమావతీ," అన్నాడు సారు, కుర్చీలో సర్దుకుంటూ.

"రాస్తాండా సార్."

"నాదే పాతది ఒగటి చిన్న పుస్తకం ఉండల్ల ఈడ. వయసులో ఏదో రాసినా. చిత్తుకాగితం. దాన్నీ అందులో ఎక్కించెయ్. ఊర్లో ఉండేవన్నీ ఏరి తెచ్చుకున్యా, ఇదొక్కటే మిగిలింది."

"రూలు ప్రకారం చూస్తా సార్."

"రూలు ప్రకారమే పోతాది లేమ్మా. ఎవురు చదివినారు దాన్ని?"

ఆ మాట మాత్రం నిజం. ఈసారి వచ్చిన కాగితంలో వివరంగా రాశారు. చెదలు తిన్నవి, అట్టలూడినవి, కాలం చెల్లిన పరీక్షల గైడ్లు, అయిదేళ్లలో ఒక్కసారి కూడా బయటికి పోనివి జాబితాలో ఎక్కాలి. జూలై చివర్లో కమిటీ వచ్చి చూసి సంతకం పెడితే, అవన్నీ తూకానికి పోతాయి.

బండి శబ్దం వీధి మలుపు తిరిగేదాకా ఆగి, హేమావతి వెనక గదిలోకి వెళ్లింది. చివరి బీరువా కింది అరలో, పాత గైడ్ల వరస వెనక చెయ్యి పెట్టి, చూడకుండానే దాన్ని బయటికి తీసింది. ముప్పై రెండు పేజీల పుస్తకం. ‘నేతింటి ఆచారం’. అట్ట వెనక అంటించిన తేదీ చీటీ మీద చివరి ముద్ర 2007 మార్చిది. ఆ ఏడు జూన్‌లోనే హేమావతి ఈ గ్రంథాలయానికి బదిలీ మీద వచ్చింది. చేరిన మొదటి రోజే దీన్ని వెతికి పట్టుకుని, ఎవరి కంటా పడకుండా గైడ్ల వెనక తోసేసింది. పద్దెనిమిదేళ్లు దీన్ని దాచింది తనే. ముద్ర పడకుండా చేసిందీ తనే. ఇప్పుడు ముద్ర లేదు కాబట్టి పుస్తకం పోతుంది, పుస్తకంతో పాటు ఆయన చేసింది కూడా.

పందొమ్మిదో పేజీ ఆమెకు కంఠతా వచ్చు.

హేమావతికి పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాయన జ్వరంతో పోయాడు. మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. నేలలో గుంత తవ్వి, కాళ్లు లోపలికి వదులుకుని నేసే గుంత మగ్గం అది. ఆ వీధిలో ఆడవాళ్లు కండెలు చుట్టొచ్చు, గంజి పెట్టొచ్చు, నూలుకు రంగు వేయొచ్చు. గుంతలో మాత్రం కాలు పెట్టకూడదు. వాళ్లమ్మ సుబ్బక్క ఇరవై రోజులు ఆ సగం పడుగును చూసింది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే ఇల్లు అలికి, గుంతలో దిగింది. మిగతా సగం నేసింది. అంచు వంకర పోలేదు.

అప్పుడు రామలింగప్ప సారు బళ్లో అయ్యవారు, కులసంఘానికి పెద్ద. రెండు నెలల్లో కర్నూలు పోయి ఈ పుస్తకం అచ్చేయించుకొచ్చాడు. ‘మగడు పోయి నెల తిరగకనే మగ్గం గుంతలో కాలు వేలాడదీసిన తూర్పు వీధి సుబ్బక్క వంటి ఆడది ఉన్న వీధికి వాన రాదు, వన్నె రాదు. అట్టి దాని చేతి గుడ్డ కట్టిన కన్నెకు కాపురం నిలవదు.’ ఇంటింటికీ ఒక కాపీ పంచాడు. ఆ తరువాత సుబ్బక్క ఇంటికి పడుగు ఇచ్చేవాడు లేడు, కొత్త పడుగు పోగులు మగ్గం అచ్చుకు అతికేవాడు రాడు, నేసిన చీర కొనేవాడు లేడు. ఆమె మగ్గం అమ్మేసి, కోసిగి కూలీల ముఠాతో గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోయింది. సన్న దారం తప్ప ఇంకేమీ పట్టి ఎరగని వేళ్లు. ఆరేళ్లు కోసింది. ఏడో ఏడు పోలేదు, మనిషే లేదు.

హేమావతి కుర్చీలో కూర్చుని పెన్సిల్ తీసుకుంది. జాబితాలో నలభై రెండు రాసి ఉన్నాయి. నలభై మూడు అని అంకె వేసి ఆగింది.

ఇన్నేళ్లూ ఈ పుస్తకం మట్టిలో కలిసిపోవాలనే ఆమె కోరిక. ఎన్నోసార్లు పొయ్యిలో పెట్టాలనుకుంది కూడా. ఇప్పుడు ఆయనే వచ్చి తీసెయ్యమంటున్నాడు. తీసేస్తే మిగిలేది ఆ కొత్త పుస్తకమే. అందులో సుబ్బక్క గుంతలో దిగలేదు, మిరపకాయలు కొయ్యలేదు, అసలు పుట్టలేదు. సారు నడుం కట్టాడు, ఊరి ఆడబిడ్డలు మగ్గం ఎక్కారు, అంతే.

"అట్లనా సార్," అంది ఆమె, ఖాళీ కుర్చీతో.

సొరుగులోంచి తేదీ ముద్ర తీసింది. అంకెల చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పితే ఏ తేదీ అయినా పడుతుంది. 2022కు తిప్పింది. ఒక్క నిమిషం పని. చీటీ మీదికి తెచ్చి, ఆపేసింది. అబద్ధం రాయడం ఆయన పని. తనకు కావాల్సింది ఆయన సొంత చేత్తో రాసిన నిజం. ముద్రను మళ్లీ ఆ రోజు తేదీకే తిప్పి పెట్టింది.

మరుసటి రోజు అమావాస్య. ఆ వీధుల్లో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. మధ్యాహ్నం తిండ్లయ్యాక ఆడవాళ్లంతా రాజేశ్వరి ఇంటి పంచలో చేరతారు. రాజేశ్వరి హేమావతికి వరసకు వదిన, రోజుకు పదిగంటలు నేసే మనిషి, నోరు కూడా అంతే ఆడుతుంది. చేతులు ఊరికే ఉండలేక ఒకరు రాట్నం మీద కండెలు చుడుతుంటే, మిగిలినవాళ్లు మాటలు చుడతారు. హేమావతి పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లింది.

"ఏమొదినా, లైబ్రరీ మా పంచలోకే నడిచొచ్చినాదే."

"ఒక పుస్తకం చదవల్ల. వింటారా?"

"కతనా?"

"మీ కతే."

అట్ట మీది సారు పేరుతో మొదలుపెట్టి చదివింది. మొదట నవ్వారు. ఆడది గుంతలో దిగితే వాన రాదు అన్న చోట రాజేశ్వరి రాట్నం ఆపింది. "వాన రాదంటనా? ఇప్పుడు ఈ వీధిలో ఇరవై మందిమి దిగినాం గదా. పోయినేడు వంక పొంగి కోడుమూరు బస్సే ఆగిపాయె. ఆ సారును పిలిచి చూపీల్ల."

"మా ఆయప్ప నేసేది నాలుగు మూరలు, తాగేది నాలుగు సీసాలు. ఆ గుంతలో నేను దిగకపోతే ఇల్లే గుంతలో పడుండేది," అంది ఇంకొకామె.

హేమావతి పందొమ్మిదో పేజీకి వచ్చింది. గొంతు మారకుండా చదవాలనుకుంది, మారకుండానే చదివింది. తల్లి పేరు వచ్చిన చోట కూడా ఆగలేదు. చదవడం అయ్యాక ఎవరూ నవ్వలేదు. రాజేశ్వరి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇంగా ఉండాది," అంది హేమావతి. ఇరవై నాలుగో పేజీ తీసింది. సుబ్బక్క ఇంటికి పడుగు ఇవ్వం, మనిషిని పంపం అని చౌడమ్మ గుడి ముందు ఒప్పుకుని సంతకాలు పెట్టిన ఇంటి పెద్దల పేర్లు. ముప్పై ఒకటి. ఆమె ఒక్కొక్కటే చదివింది. మూడో పేరు రాజేశ్వరి మామది. ఏడోది పక్కన కూర్చున్నామె తండ్రిది. చదువుతూ ఆమె పుస్తకంలోకి చూడలేదు, ఆ పేరు ఎవరిదో వాళ్ల ముఖంలోకి చూసింది. పద్దెనిమిదేళ్లుగా వీళ్లతో కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంది, వీళ్ల పిల్లల పెళ్లిళ్లలో వడ్డించింది. ఆ ముప్పై ఒక్క పేర్లూ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

మోకాలి మీద చెయ్యి ఎప్పుడో వెనక్కి పోయింది.

"మా మామ పేరుండాదని తెలిసే తెచ్చినావా మా ఇంటికి?" అంది రాజేశ్వరి.

"తెలిసే తెచ్చినా."

"ఇన్నేండ్లు నా చేతి కాఫీ తాగుతాంటివి."

"తాగుతాంటి."

రాజేశ్వరి లేచి రాట్నం పక్కకు జరిపింది. "పో వదినా. ఈ పొద్దుకు చాలు."

హేమావతి ఇంటికి వచ్చి అన్నం పెట్టుకుంది, తినలేదు. పని చెడిందేమో అనుకుంది. బాధ పడలేదు. కనీసం వాళ్లన్నా విన్నారు, వాళ్ల ముఖాలు తను చూసింది. అందుకు సిగ్గుపడాలని తెలుసు. సిగ్గు రాలేదు.

మర్నాడు తొమ్మిదింటికి తాళం తీసేసరికి రాజేశ్వరి మెట్ల మీద ఉంది. చేతిలో కూతురి చదువుల కోసం ఎప్పుడో తీసుకున్న సభ్యత్వ కార్డు.

"ఆ పుస్తకం ఇయ్యి."

"ఎందుకు?"

"మా మామ సంతకం పెట్టినాడు గదా. నేనూ పెడతా. యాడ పెట్టల్ల?"

హేమావతి పుస్తకాలిచ్చే రిజిస్టరు ఆమె ముందుకు తిప్పింది. రాజేశ్వరి పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. చీటీ మీద ముద్ర పడింది. పద్దెనిమిదేళ్ల తరువాత మొదటి ముద్ర.

"నీ మింద కోపం పోలేదు వదినా, ఆ మాట చెప్తాండా," అంది రాజేశ్వరి పుస్తకం సంచిలో వేసుకుంటూ.

"నాదీ పోలేదు."

ఒకరు తీసుకున్న పుస్తకం మరుసటి రోజు వాపసు వచ్చింది. అది వచ్చేసరికి ఇంకొకామె కార్డు పట్టుకుని నిలబడి ఉంది. కార్డు లేనివాళ్లు కొత్తగా తీసుకున్నారు. ఒక్క పుస్తకం, అడిగేవాళ్లు చాలామంది, అందుకని హేమావతి ముందస్తు కోరికల పుస్తకం తెరిచి వరసగా పేర్లు రాసింది. ఏడో రోజు ఉమామహేశ్వర వచ్చాడు. కార్డు బల్ల మీద పెట్టాడు.

"నాకూ ఆ పాత పుస్తకం ఇయ్యక్కా. మా నాయన రాసింది నేను చదవొద్దా?"

అతను ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. తీసుకుపోతాడు, పోగొట్టుకున్నానంటాడు, దాని వెల కడతాడు, పుస్తకం లెక్కలోంచి కొట్టేస్తారు. సభ్యుడికి ఇవ్వనని చెప్పే అధికారం ఆమెకు లేదు.

"ఎందుకియ్యనప్పా. రూలు ప్రకారం ఇస్తా." కోరికల పుస్తకంలో అతని పేరు రాసింది. "నీ నంబరు పదకొండు."

"పదకొండా?"

"ముందర పదిమంది ఉండారు మహేశా. మీ నాయన పుస్తకానికి ఇంత గిరాకీ అని మీకే తెలీదు చూడు."

అతను పేర్ల వరస చూశాడు. అందరూ తన దుకాణానికి చీరలు నేసిచ్చేవాళ్లే. "నువ్వు చేసేది బాగలేదక్కా," అన్నాడు మెల్లగా. "ముసలాయన. రాత్రిళ్లు నిద్ర పోతల్యా."

"మా అమ్మా పోల్యా."

కమిటీ వచ్చిన రోజుకు చీటీ మీద కొత్తగా తొమ్మిది ముద్రలు ఉన్నాయి. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన అధికారి పేరు జయకుమార్. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కో పుస్తకం వెనక అట్ట తిప్పి చూసే మనిషి. ఊరి పెద్దగా రామలింగప్ప సారు కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నలభై రెండు పుస్తకాలకు సంతకాలు అయ్యాయి. నలభై మూడు దగ్గర అంకె ఒక్కటే ఉంది, పేరు లేదు.

"ఇదేంది?"

హేమావతి పుస్తకం ఆయన చేతికిచ్చింది. "దీన్ని తీసెయ్యమని సారు అడిగినారు. తీసెయ్యడానికి రూలు ఒప్పుకోదు సార్."

జయకుమార్ చీటీ చూశాడు. "పద్దెనిమిదేళ్లు ఒక్క ముద్ర లేదు. పదిరోజుల్లో తొమ్మిది. ఇది నువ్వు చేయించిందేనా?"

"చేయించిందే సార్. పద్దెనిమిదేళ్లు ముద్ర పడకుండా దాచిందీ నేనే."

"ఎందుకట్లా?"

"పందొమ్మిదో పేజీ చదవండి సార్. ఆమె మా అమ్మ."

ఆయన చదివాడు. తరువాత, బల్ల మీద కట్టలు విప్పకుండా ఉన్న కొత్త పుస్తకం ఒకటి లాగి, మొదటి పేజీ చదివాడు. రెండింటి మీదా ఉన్న రచయిత పేరు చూసి, ఆ రచయిత వైపు చూశాడు.

"అదంతా అబద్ధాల పుస్తకం సార్," అన్నాడు రామలింగప్ప. "రాసినోన్ని నేనే చెప్తాండా గదా."

"అబద్ధమని తీసేస్తూ పోతే మా బీరువాలు సగం ఖాళీ అయితాయి సార్." జయకుమార్ హేమావతి వైపు తిరిగాడు. "మీ అమ్మను ఇట్లా తిట్టిన పుస్తకం. ఉండాలంటావా? రేపు ఎవరైనా వచ్చి ఇదే చదువుతారు."

ఆ ప్రశ్న ఆమె తనను తాను అడుక్కోని రోజు ఈ రెండు వారాల్లో లేదు. పుస్తకం ఉన్నన్నాళ్లూ తల్లి ఆ మాటల్లోనే ఉంటుంది. కాపురం చెరిచే గుడ్డ నేసిన ఆడది. పుస్తకం పోతే తల్లి అందులోంచి బయటపడుతుంది, ఆయనా బయటపడతాడు. తల్లి ఒక్కతే బయటపడే దారి కనిపించలేదు.

"ఉండల్ల సార్. కొత్తది కూడా ఉండల్ల, దీని పక్కనే. ఒకే మనిషి, ఒకే విషయం. మన నంబర్ల ప్రకారం పక్కపక్కనే రావల్ల గదా. ఇంకొక మాట. ఒకటే కాపీ ఉండాది. బయటికి పోతే తిరిగొస్తాదని నమ్మకం లేదు."

జయకుమార్ పెన్ను మూత తీశాడు. పుస్తకం లోపలి అట్ట మీద ఎర్ర సిరాతో రాశాడు: ‘స్థానిక చరిత్ర. ఇక్కడే చదువుకోవాలి, ఇంటికి ఇవ్వరాదు.’ కింద సంతకం, తేదీ. అలా రాసిన పుస్తకాన్ని జాబితాలో ఎక్కించే అధికారం ఇక హేమావతికి లేదు, ఆమె తరువాత వచ్చేవాళ్లకూ లేదు.

రామలింగప్ప సారు లేచి కండువా సర్దుకున్నాడు. ఈసారి పేపర్లు చదివేవాళ్లు తలెత్తలేదు. తలెత్తితే దండం పెట్టక తప్పదని, పేపరు ముఖానికి ఇంకా దగ్గరగా పట్టుకున్నారు. అది చూసింది హేమావతి. ఆరేళ్ల మిరపకాయల మంట మీద ఒక చెంబు నీళ్లు.

విడుదల సభ వాయిదా పడిందని ఉమామహేశ్వర ఫోన్ చేసి చెప్పాడు. నాయనకు ఒంట్లో బాగలేదన్నాడు. వాయిదా ఎంతకాలమో ఆమె అడగలేదు.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం సారు ఒక్కడే నడిచొచ్చాడు. చదువుకునే పిల్లలు నలుగురు, రాజేశ్వరి, ఆమె వెంట ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఆయన నేరుగా హేమావతి బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. దాని మీద ఆయన చేతిరాత. వణుకుతున్నా, బళ్లో బోర్డు మీద రాసిన అదే గుండ్రటి రాత.

"తప్పయిందని నాలుగు వాక్యాలు రాసినానమ్మా. ఆ పందొమ్మిదో పేజీ కింద అంటించు. అది చూసిన వాడు ఇది కూడా చూస్తాడు. నేను పోయినాకైనా..."

ఆమె కాగితం అందుకోలేదు. "గ్రంథాలయం పుస్తకంలో ఎవురూ రాయకూడదు సార్, అంటించకూడదు. రూలు."

"నేను రాసిందే గదమ్మా అది."

"మీరు రాసింది అందులో ఉండాది సార్. అది చాలు."

ఆయన కాగితాన్ని ఎలా మడిచి తెచ్చాడో అలాగే మడిచాడు. జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు తడుముకున్నాడు. "నన్నేం చెయ్యమంటావు మరి?"

ఆమె లేచి బీరువా దగ్గరికి వెళ్లి, పక్కపక్కన ఉన్న రెండింట్లోంచి సన్నటి పుస్తకాన్ని తీసుకొచ్చింది. సందర్శకుల రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు జరిపింది.

"ఈడ సంతకం పెట్టండి. కూర్చుని చదువుకోండి. ఏడు దాకా తెరిచే ఉంటాది."

ఆయన సంతకం పెట్టాడు. మధ్య బల్ల దగ్గర, రాజేశ్వరికి ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు. హేమావతి పేజీ చెప్పలేదు. ఆయనే వెతుక్కున్నాడు. ఆ పేజీ దగ్గర తల బాగా వంచాడు, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

అక్షరాలు ఆనడం లేదేమోనని, హేమావతి గోడ దగ్గరికి వెళ్లి ఆయన తల మీది లైటు వేసింది.